రేడియోలో మా గ్రెగర్ పేరు

మా నాన్న హెక్టర్ లౌనీ చివరి రోజుల్లో కోరుకున్నది ఒక్కటే. శనివారం సాయంత్రం రేడియోలో ఫుట్‌బాల్ ఫలితాలు చదివేవాడి నోట మా తమ్ముడి పేరు ఒక్కసారి వినాలి. వేరే తండ్రులైతే కొడుక్కి కప్పు రావాలనో, గ్లాస్గో పెద్ద క్లబ్బులు ఎగరేసుకుపోవాలనో అనుకుంటారు. మా నాన్నకి అంత ఆశ లేదు. పేరు చాలు. ఆ రేడియోవాడు ఫలితం చదివి, గోలు కొట్టినవాడి పేరు మాత్రం చెప్పి, తర్వాతి ఊరికి వెళ్లిపోతాడు. ఆడిన మిగతావాళ్ల గొడవ వాడికి పట్టదు. మా గ్రెగర్ ఎప్పుడూ ఆ మిగతావాళ్లలోనే ఉండేవాడు.

పోర్ట్‌లెన్నీ రోవర్స్‌కి వాడు పద్నాలుగేళ్లు ఆడాడు. స్కాట్లాండ్ లీగులో అన్నిటికన్నా కింది మెట్టు మాది, ఆ మెట్టు మీద కూడా చివరంచునే కూర్చునేవాళ్లం. వారమంతా వాడికి ఇళ్ల కప్పులెక్కి పలకరాళ్లు పరిచే పని. మంగళవారం, గురువారం సాయంత్రాలు ప్రాక్టీసు, శనివారం ఆట. మైదానం నడిమధ్యలో నిలబడి, దూసుకొచ్చేవాడి కాళ్లలోంచి బంతి లాక్కుని పక్కవాడికి అందించాలి. ఆ పక్కవాడు ఇంకొకడికి ఇచ్చి, ఆ ఇంకొకడు గోలు కొడితే ఊరంతా వాణ్ణి నెత్తికెత్తుకునేది. అప్పటికి మావాడు మోచేతి మట్టి దులుపుకుంటూ తన చోటికి వెనక్కి నడిచిపోతూ ఉండేవాడు. మైదానంలో మాంసం కూరిన వేడి పైలూ బీఫ్ చారూ అమ్మే కొట్టు నాది. ఆ కిటికీలోంచి పద్నాలుగేళ్లూ వాడి వీపే చూశాను.

గోలు కొట్టలేదా అంటే, కొట్టాడు. ఒకసారి నలభై గజాల నుంచి కొట్టాడు, బంతి నేరుగా వలలో పడింది. కానీ అప్పటికే సముద్రం మీంచి పొగమంచు మైదానంలోకి దిగిపోయింది. గోలు పడిందని మాకు వలవైపు నిలబడ్డవాళ్లు అరిచి చెప్తేగానీ తెలియలేదు. ఇంకో పావుగంటకి రిఫరీకి తన చెయ్యి తనకే కనబడక ఆట రద్దు చేశాడు. రద్దయిన ఆటలో గోలు లెక్కకి రాదు. ఇంకోసారి వాడు కొట్టిన బంతి ఎదుటి జట్టువాడి మోకాలికి తగిలి లోపలికి వెళ్లింది. రేడియోలో ఆ మోకాలివాడి పేరు చదివారు, సొంత గోలు అని.

"వాడి మోకాలికున్న అదృష్టం కూడా లేదురా నీకు!" అన్నాడు నాన్న ఆ సాయంత్రం. అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"వచ్చే వారం రిఫరీ పళ్లు రాలగొడతా నాన్నా. అప్పుడు రేడియోవాడు నా పేరు తప్పకుండా చదువుతాడు," అన్నాడు గ్రెగర్.

నాన్న, ఆయన స్నేహితుడు డోడ్ మెర్న్స్, ఇద్దరూ సముద్రంవైపు గోడకి ఆనుకుని నిలబడేవాళ్లు. వానొచ్చినా గాలొచ్చినా అదే చోటు. చేపలకి పొగబెట్టే కొట్లో బతుకంతా గడిపినందుకు నాన్న ఊపిరితిత్తులు చివరికి ఆయన్ని మంచానికి కట్టేశాయి. అప్పట్నుంచీ గోడ పోయి రేడియో వచ్చింది. గ్రెగర్ కాపురం కూడా అప్పటికే ముగిసింది. శనివారాలన్నీ బంతికి రాసిచ్చేసిన మొగుడితో ఆ పిల్ల మాత్రం ఎన్నాళ్లని వేగుతుంది? ఆట ఉన్న ప్రతి మధ్యాహ్నం వాడు బూట్ల సంచీ భుజాన వేసుకుని నాన్న గదిలోకి వచ్చేవాడు. నాన్న ఎప్పుడూ చెప్పే మాటే చెప్పేవాడు.

"కాళ్లు జాగ్రత్త. రిఫరీ దగ్గర నోరు జాగ్రత్త."

"అలాగే నాన్నా."

ఆ జనవరిలో రోవర్స్‌కి కొత్త మేనేజర్ వచ్చాడు. మెడలో మఫ్లరు, చేతిలో కాగితాలు పెట్టుకునే అట్ట, ఊళ్లో ఎవరి మొహమూ గుర్తుపట్టనివాడు. రెండో వారమే మైదానం బయట కార్ల మధ్య నిలబెట్టి మా గ్రెగర్‌తో, నీ కాళ్లకి వయసైపోయింది, ఇక రానక్కర్లేదు అన్నాడట. కనీసం లోపలికి పిలిచి, కుర్చీ వేసి చెప్పలేదు. పద్నాలుగేళ్ల మనిషికి వాన చినుకుల్లో నిలబెట్టి చెప్పే మాటా అది?

నేను పొగకొట్టు వెనక పెరట్లో చేపలు కర్రలకి గుచ్చుతున్నాను. గ్రెగర్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, నన్ను తీసేశారు."

చేతిలో చేపతోనే వెళ్లి ఆ మేనేజర్ మొహాన కొడతానని బయల్దేరాను. వాడే నా భుజం పట్టుకుని ఆపాడు.

"అది కాదు. నాన్నకి తెలియకూడదు. నువ్వు చెప్పకు."

"ఎలా దాస్తావురా? ప్రతి వారం వింటాడు గదా ఆయన!"

"ఏం వింటాడు? గోలు కొట్టినవాళ్ల పేర్లు వింటాడు. నేనేనాడు కొట్టాను గనక? ఆడినా నా పేరు రాదు, ఆడకపోయినా రాదు. ఆయనకి తేడా ఏం తెలుస్తుంది?" అన్నాడు. అని నవ్వబోయాడు గానీ వాడివల్ల కాలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆ శనివారం నుంచే నేను పైల కొట్టు మూసేశాను. వాళ్ల చారు వాళ్లే కాచుకు తాగుతారని తాళంచెవి పంపించేశాను. డోడ్ బాబాయ్ దగ్గర కూడా నాన్నకి చెప్పనని మాట తీసుకున్నాను. గ్రెగర్ మాత్రం మానలేదు. అదే వేళకి సంచీ వేసుకుని వచ్చేవాడు, కాళ్లు జాగ్రత్త అనిపించుకునేవాడు, వెళ్లేవాడు. దీపస్తంభం దగ్గర వ్యాను ఆపుకుని, సాయంత్రందాకా అద్దంలోంచి సముద్రాన్ని చూస్తూ కూర్చునేవాడు. వ్యానులో రేడియో ఉంది కనుక ఫలితం తెలిసేది. తర్వాత మా వంటింటి కుళాయి కింద తల తడుపుకుని, పెరట్లో బూట్లకి బురద పూసుకుని, అప్పుడు నాన్న గదిలోకి వెళ్లి ఆట గురించి చెప్పేవాడు. చెట్టంత మగాడు బూట్లకి బురద పూసుకుంటుంటే చూడలేక నేను పొయ్యివైపు తిరిగేదాన్ని.

ఇక క్రెయిగ్‌నెస్ సంగతి. మా అఖాతానికి అవతలి ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. నాన్న మంచం పక్క కిటికీలోంచి దాని దీపాలు కనబడతాయి. నేను పుట్టకముందెప్పుడో కప్పు ఆటలో వాళ్లకి రాకూడని పెనాల్టీ ఒకటి వచ్చిందట. దాంతో నాన్న ఆ ఊరి రొట్టె మా గడప తొక్కనివ్వలేదు. ఆ ఊరి పిల్లని చేసుకున్నందుకు సొంత మేనల్లుడి పెళ్లికి వెళ్లలేదు. సాయంత్రమవగానే ఆ దీపాలు కనబడకుండా తెర లాగమనేవాడు.

ఆ క్రెయిగ్‌నెస్ మేనేజర్ మఫట్ మార్చిలో గ్రెగర్‌కి ఫోన్ చేశాడు. తన మిడ్‌ఫీల్డరు కాలు విరిగిందట, ఈ శనివారం ట్రయలిస్టుగా వచ్చి ఆడమన్నాడు.

ట్రయలిస్ట్ అంటే ఇంకా సంతకం పెట్టకుండా, ఆడి చూపించడానికి వచ్చినవాడు. అలాంటివాణ్ణి ఒకటి రెండు ఆటలు పేరు బయటపెట్టకుండా ఆడించుకోవచ్చు. ఆ గంటన్నరసేపూ పత్రికలోనూ రేడియోలోనూ వాడి పేరు ట్రయలిస్టే. ఇంకో క్లబ్బువాడు ఎగరేసుకుపోకుండా మా కింది లీగు మేనేజర్లు వేసే ఎత్తు అది. మైదానంలో ఉన్న జనానికి మాత్రం వాడెవడో, వాడి తాత ఎవడో కూడా తెలిసే ఉంటుంది.

"వెళ్తావా?" అని అడిగాను.

"వెళ్తా. ఆడక రెండు నెలలైంది అక్కా. పొద్దున లేస్తే కాళ్లు నావి కావనిపిస్తోంది. అయినా పేరు ఉండదుగా. నాన్నకేం తెలుస్తుంది?"

పేరు లేదనే ఒప్పుకున్నాడు పిచ్చినాగన్న.

ఆ శనివారం నాన్నకి ఊపిరి బాగా బరువుగా ఉంది. డాక్టరు పొద్దున వచ్చి చూసి, వీధి తలుపు దగ్గర నాతో మెల్లగా చెప్పాల్సింది చెప్పి వెళ్లాడు. వెనక దిండ్లు వేసి కూర్చోబెట్టి, రేడియోని మంచం అంచుకి జరిపాను. ముందు మా ఫలితమే వచ్చింది. పోర్ట్‌లెన్నీ సున్నా, స్ట్రాథ్‌మూర్ రెండు.

"మన ఖర్మ," అన్నాడు నాన్న.

ఆ తర్వాత వచ్చింది. "క్రెయిగ్‌నెస్ ఒకటి, గ్లెన్‌బారీ సున్నా. గోలు, ట్రయలిస్ట్."

నేను టీ కప్పు కింద పెట్టి నాన్నవైపు చూశాను. నాన్న చూడలేదు. రేడియోవైపే మొహం పెట్టి కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఎప్పుడూ వాళ్లకి దొరుకుతాడు ఎవడో ఒకడు," అన్నాడు. మళ్లీ కాస్త ఆగి, "పాపం, ఎవడో వాడు. వాడికీ ఓ తండ్రి ఉంటాడు. ఏ ఊళ్లోనో మనలాగే రేడియో ముందు కూర్చుని ఉంటాడు. కొడుకు గోలు కొట్టినా పేరు వినబడలేదు చూడు వాడికి," అన్నాడు.

ఇక నావల్ల కాలేదు. చెప్పకు అని తమ్ముడు పెట్టిన ఒట్టు గట్టు మీద పెట్టేశాను.

"నాన్నా, అది మన గ్రెగరే."

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. చూసి నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగేదాకా వీపు నిమిరాను.

"ఒట్టు నాన్నా. మనవాళ్లు వాణ్ణి జనవరిలోనే తీసేశారు. ఇవాళ క్రెయిగ్‌నెస్‌కి ఆడాడు. ఆ గోలు మన గ్రెగర్‌ది."

"ఏమే ఎఫీ, నీకు అబద్ధమాడ్డం చిన్నప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాదు. గ్రెగర్ క్రెయిగ్‌నెస్ చొక్కా తొడుక్కుంటాడా? దానికన్నా నేను నిన్ననే చచ్చిపోయానని చెప్పు, నమ్ముతాను."

"నిజం నాన్నా!"

"సరే సరే." నా చెయ్యి తీసుకుని తట్టాడు. "పోయేవాడి చెవిలో ఓ మంచిమాట వేద్దామనుకున్నావు. మంచిదానివే. కానీ అబద్ధం గోలు నాకొద్దమ్మా."

బతుకులో ఎన్నో కోతలు కోసి అందరిచేతా నమ్మించాను. ఆ ఒక్క నిజం నమ్మించలేకపోయాను.

చీకటి పడేవేళకి గ్రెగర్ వచ్చాడు. వాణ్ణి అలా నేను ఎప్పుడూ చూడలేదు. జుట్టు తడిసి ఉంది, మోకాలి మీద నిజమైన బురద, మొహం పదేళ్లు చిన్నదైపోయింది. గుమ్మంలోనే నా చేతులు రెండూ పట్టుకున్నాడు.

"విన్నావా అక్కా?"

"విన్నానురా."

"నాన్న?"

చెప్పానని చెప్పాను. నమ్మలేదనీ చెప్పాను. "నువ్వెళ్లి చెప్పు. నీ నోటితో చెప్తే నమ్ముతాడు. ఈ ఒక్కమాట కోసమే గదరా ఆయన ఇన్నేళ్లూ కాసుక్కూర్చుంది. పో, వెళ్లు!"

వాడు గది తలుపు పిడి పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. నేను వెనకనుంచి నెట్టాను.

"రారా," అన్నాడు నాన్న. "రెండు తిన్నారటగా. మధ్యలో నువ్వుండి ఏం చేస్తున్నట్టు?"

"వాళ్లు బాగా ఆడారు నాన్నా."

"మీ అక్క ఏమంటోందో విన్నావా? అవతలి ఒడ్డున గోలు కొట్టిన ఆ ట్రయలిస్టువి నువ్వేనట!"

నవ్వుతూనే అన్నాడు గానీ వాడి మొహం మీంచి కళ్లు తియ్యలేదు. గ్రెగర్ నావైపు చూశాడు. తర్వాత నాన్నవైపు, దిండు పక్కన వేలాడేసిన పాత రోవర్స్ మఫ్లర్‌వైపు చూశాడు. చెప్పరా, చెప్పరా అని నేను లోపల్లోపలే మొత్తుకుంటున్నాను.

"నేనా?" అన్నాడు గ్రెగర్. "నేనెప్పుడు గోలు కొట్టాను నాన్నా?"

నాన్న ఓ క్షణం అలాగే చూసి, దిండుకి వెనక్కి వాలాడు. "అదే నేనూ అన్నాను," అన్నాడు. ఇంకాసేపటికి, "మనవాళ్లతో కలిసి ఓడినా మన చొక్కా మనకుంది," అని వాడి మోకాలి మీద చెయ్యి వేశాడు. తడి బురద తగిలింది కాబోలు, వేళ్లు దుప్పటికి తుడుచుకున్నాడు. ఆ రాత్రికి ఆయన అడగకముందే తెర నేనే లాగాను.

వంటింట్లోకి రాగానే వాణ్ణి దులిపేశాను. "నీకు బుద్ధుందా? నోట్లో నాలుక లేదూ? ఆయనకింక ఎన్ని శనివారాలున్నాయనుకుంటున్నావు?"

వాడు కుర్చీలో కూలబడి బూట్లు విప్పుకుంటున్నాడు. తలెత్తలేదు.

"ఏమని చెప్పనే? ఆ గోడ పక్కన నిలబడి ఆయన పద్నాలుగేళ్లు చూసిన చొక్కాలోంచి నన్ను గెంటేశారని చెప్పనా? వారం వారం సంచీ వేసుకుని వచ్చి అబద్ధమాడానని చెప్పనా? ఒక్క గోలు చేతిలో పెట్టి ఆ పద్నాలుగేళ్లూ లాక్కోమంటావా ఆయన దగ్గర్నుంచి?"

ఆ బూట్లు లాక్కుని కుళాయి కింద కడిగాను. కోపం మాత్రం పోలేదు. అది ఇవాళ్టికీ ఉంది, ఎవరి మీదో నాకే తెలియదు.

మర్నాడు చర్చి అయ్యాక డోడ్ బాబాయ్ నాన్నని చూడ్డానికి వచ్చాడు. తలుపు తియ్యగానే నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లాడు. మనిషి ఒక్కచోట నిలవలేకపోతున్నాడు.

"ఎఫీ, చూశానే! గ్రెగర్ ఆడతాడని విని బస్సెక్కి వెళ్లాను, టోపీ ముక్కుదాకా లాక్కుని. ఆ ఊరి మట్టి తొక్కనని మీ నాన్నతో కలిసి ఒట్టేసుకున్నవాణ్ణి! మధ్యగీత దగ్గర బంతి లాక్కున్నాడు చూడు, ఎప్పటిలాగే పక్కవాడికి ఇస్తాడనుకున్నా. పక్కన ఎవడూ లేడు. ఒకసారి అటు చూశాడు, ఇటు చూశాడు. ఇంకేం చెయ్యాలో తెలియనట్టు కొట్టాడు! పై మూలలోకి వెళ్లిపోయిందే! నేను అరిచేశాను. క్రెయిగ్‌నెస్ వాళ్ల మధ్య నిలబడి వాళ్ల గోలుకి అరిచాను, దేవుడు నన్ను క్షమించుగాక!"

"నాన్నకి మాత్రం చెప్పకు బాబాయ్," అని జరిగింది చెప్పాను.

డోడ్ బాబాయ్ మొహం వాడిపోయింది. టోపీ నలుపుకుంటూ గదిలోకి వెళ్లాడు. నేను గుమ్మంలో ఉన్నాను.

"ఏరా డోడ్, నిన్న వెళ్లావా ఆటకి?" అన్నాడు నాన్న.

"వెళ్లాను."

"మావాడు ఎలా ఆడాడు?"

"ఈ కళ్లతో చూశాను హెక్టర్. వాడు అంత బాగా ఆడగా నేనెప్పుడూ చూడలేదు."

"మరి పేరు రాలేదేరా?"

"రాలేదు," అన్నాడు డోడ్ బాబాయ్. "వాళ్లు చదవలేదు, అంతే." జేబురుమాలు తీసి ముక్కు చీదుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ కిటికీలోంచి కనబడేది క్రెయిగ్‌నెస్సే.

నాన్న బుధవారం పొద్దున పోయాడు. మేమిద్దరం పక్కనే ఉన్నాం. చివరిగా ఆయన అన్న మాట గ్రెగర్‌తోనే. శనివారం ఆట ఎక్కడ, ఇక్కడా, బయటా అని అడిగాడు. ఇక్కడే నాన్నా, మన మైదానంలోనే అన్నాడు వాడు.

మర్నాడు మఫట్ ఫోన్ చేశాడు. ముందు సంతాపం చెప్పి, తర్వాత సంతకం పెట్టడానికి ఎప్పుడొస్తావని అడిగాడు. రెండేళ్లకి తీసుకుంటాడట. ఈసారి పేరుతోనే.

"మీ దయ మిస్టర్ మఫట్. కానీ రాలేను," అన్నాడు గ్రెగర్. "మా నాన్న పోయేనాటికి నేను పోర్ట్‌లెన్నీ ఆటగాణ్ణి. దాన్నలా ఉండనివ్వండి." ఫోన్ పెట్టేసి, బూట్లు తీసుకెళ్లి కప్పు కింద అటక మీద పడేశాడు. మళ్లీ దింపలేదు. వాడి ఆట అక్కడితో ఆఖరు.

మా రేవుల్లో ఆడవాళ్లు గోతిదాకా వెళ్లే ఆనవాయితీ పాతకాలంలో లేదు. నేను వెళ్లాను, ఎవరు ఆపుతారో చూద్దామని. శ్మశానం కొండ మీద, సముద్రపు గాలికి ఎదురుగా ఉంటుంది. రోవర్స్ గోడ పక్కన నిలబడే ముసలాళ్లంతా వచ్చారు. మా దగ్గర శవపేటికని దింపేది కూలీలు కాదు, ఇంటివాళ్లే. పేటికకి తాళ్లుంటాయి. అంత్యక్రియలు చేయించే ఆయన ఒక్కొక్కరినే పేరు పెట్టి గట్టిగా పిలుస్తాడు. పిలిచినవాడు ముందుకొచ్చి తన తాడు అందుకుంటాడు. తల దగ్గర తాడు కొడుకుది. మొదట పిలిచేది ఆ పేరే.

"గ్రెగర్ లౌనీ," అని పిలిచాడాయన. గాలిలోకి, గంట కొట్టినట్టు.

వాడు కదల్లేదు. పేటికవైపే చూస్తూ నిలబడ్డాడు. డోడ్ బాబాయ్ మోచేత్తో పొడిచాడు. అయినా కదల్లేదు. పేర్లు పిలిచే ఆయన గొంతు సవరించుకుని మళ్లీ పిలవాల్సి వచ్చింది. అప్పుడు వెళ్లి తాడు అందుకున్నాడు. మిగతావాళ్ల పేర్లు కూడా పిలిచాక అందరూ కలిసి నాన్నని మెల్లగా దింపారు.

కొండ దిగుతూ అడిగాను. "మొదటిసారి పిలిచినప్పుడు వినబడలేదురా?"

"వినబడింది అక్కా," అన్నాడు. "నాన్న విన్నాడేమోనని చూస్తున్నాను."